మహారాజశ్రీ క్యూఓఎస్ పేజీ గారికి

నా రౌటర్‌లో కొలువై, ఏ ప్యాకెట్ ముందు వెళ్లాలో తేల్చే మీకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ క్షేమం కాదని మీకే తెలుసు, మధ్యాహ్నమంతా మీ ఎదురుగానే కూర్చున్నాను కదా.

హై, మీడియం, నార్మల్, లో అని నాలుగు క్యూలు చూపించారు. వీడియో కాల్‌ని హైలో కూర్చోబెట్టాను. ఫోన్ల ఫొటో బ్యాకప్‌ని "లో" క్యూలోకి తోశాను. అప్లై నొక్కిన ప్రతిసారీ మీరు రీస్టార్ట్ పేరుతో ధ్యానంలోకి వెళ్తే, లైటు పచ్చబడేదాకా ఊపిరి బిగబట్టాను. మాట మోసే ప్యాకెట్ల మీద డీఎస్‌సీపీ 46 అని, "ముందు నన్ను పంపండి" అనే ముద్ర ఉంటుందని కూడా కంఠతా పట్టాను.

తీరా కాల్ మొదలయ్యాక "వినబడుతోందా" అంటే అవతలికి "విన", ఆ తర్వాతెప్పుడో "దా" చేరాయి. మాట ఎంతని? సెకనుకి 50 చిన్న ప్యాకెట్లు, అన్నీ కలిపినా వంద కిలోబిట్లు దాటవు. నా అప్‌లోడ్ 20 మెగాబిట్లు.

అనుమానమొచ్చి మీ లెక్కలు తెరిచాను. నాలుగు క్యూల్లోనూ ఎదురుచూస్తున్న ప్యాకెట్లు సున్నా. మీ దగ్గర అసలు క్యూయే లేదు! వచ్చినదాన్ని వచ్చినట్టే గిగాబిట్ వేగంతో మోడెం మీదికి తోసేస్తున్నారు. అది 20కి మించి పంపలేదు. తొక్కిసలాటంతా దాని గుమ్మంలో. అక్కడ హై లేదు, లో లేదు, ముందొచ్చినవాడిదే ముందు. మీరేమో ఖాళీ హాల్లో వీఐపీ తాడు పట్టుకుని నిలబడ్డారు.

అప్‌లోడ్ బ్యాండ్‌విడ్త్ గడిలో అసలు వేగం కన్నా కాస్త తక్కువ రాస్తే క్యూ మీ దగ్గరే కడుతుంది. ఈ ఒక్క ముక్క ఎక్కడైనా చెప్పారా? ఆ గడి అడ్వాన్స్‌డ్ లోపల ఇంకో ట్యాబ్‌లో, బూడిదరంగు అక్షరాల్లో. అందులో ముందే వేసి ఉంచిన అంకె 0. పక్కన "అపరిమితం". ఒరే నాయనా, అపరిమితమైతే క్యూ ఎందుకురా? ఎవరికి ప్రయారిటీ ఇవ్వడానికిరా?

సరే, 18 అని రాశాను. 18 కిలోబిట్లు అనుకున్నావు! డయలప్ కూడా జాలిపడే వేగం. లాగిన్ పేజీ తెరిచి, నీ మొహాన 18000 కొట్టాను.

ఆ తర్వాత, ఒప్పుకోక తప్పదు, బ్యాకప్ నడుస్తుండగానే పింగ్, అంటే ప్యాకెట్ వెళ్లి తిరిగొచ్చే సమయం, 400 మిల్లీసెకన్ల నుంచి 20కి దిగింది. మాట తెగలేదు. కాసేపు నిన్ను క్షమించాను కూడా.

అంతలో పక్కగదిలోంచి తమ్ముడు స్పీడ్ టెస్ట్ చూపిస్తూ వచ్చాడు. "20 రావాల్సింది 18 దాటట్లేదు. పొద్దున బానే ఉంది, ఏం కెలికావు?"

ఇట్లు,
కెలికినవాడు