సిగ్నల్ నిండుగా ఉంటుంది, నెట్ మాత్రం రాదు

బయట ఫ్రీ వైఫై కోసం వెతికేవాళ్లు ఎక్కువమంది చేసేది ఒకటే: ఫోన్ పట్టుకుని గీతలు నిండుగా కనిపించే వైపు నడవడం. ఆ గీతల్ని అంతగా నమ్మకండి. మీ ఫోన్‌కీ, పైకప్పుకి బిగించిన, వైఫై పంచే ఆ తెల్ల డబ్బాకీ మధ్య సిగ్నల్ ఎలా ఉందో మాత్రమే అవి చెబుతాయి. డబ్బా వెనక కేబుల్‌లో నెట్ వస్తోందా, వస్తే ఎంతమంది పంచుకుంటున్నారు అన్నది వాటికి తెలీదు. సిగ్నల్ బలాన్ని డీబీఎంలో కొలుస్తారు, అంకె సున్నాకి దగ్గరయ్యేకొద్దీ మేలు. అది మైనస్ 67 దగ్గర ఉంటే కాల్స్‌కి కూడా సరిపోతుంది. మైనస్ 80 కంటే పడిపోతే కనెక్ట్ అయినా పేజీ తెరుచుకోవడం కష్టం. చోటు మారితే లాభం ఉండేది అప్పుడే.

మిగతా సందర్భాల్లో తప్పు వేరే చోట ఉంటుంది. "ఐపీ అడ్రస్ తీసుకుంటోంది" దగ్గర ఫోన్ గిరగిరా తిరుగుతూ ఆగిపోవడం చూసే ఉంటారు. పాస్‌వర్డ్ తప్పు కొట్టామేమో అని మళ్లీ మళ్లీ కొడతారు, పాపం. అసలు సంగతి లెక్కలో ఉంది. కలిసిన ప్రతి ఫోన్‌కీ రౌటర్, అంటే నెట్‌ని అందరికీ పంచే పెట్టె, ఒక అంకెల చిరునామా ఇవ్వాలి. ఐపీ అడ్రస్ అంటే అదే. మామూలు రౌటర్ సెట్టింగ్‌లో మహా అయితే 254 అడ్రసులుంటాయి. ఒకటి రౌటర్‌కే పోతే మిగిలేవి 253. ఒక్కో అడ్రసు 24 గంటల లీజు మీద, అంటే అంతసేపూ ఒకరికే కేటాయించి, ఇచ్చేలా పెట్టి ఉంటే, పొద్దున పది నిమిషాలు కూర్చుని వెళ్లిపోయిన మనిషి అడ్రసు కూడా మర్నాటిదాకా అతని ఫోన్ పేరు మీదే ఉండిపోతుంది. జనం వచ్చిపోయే చోట మధ్యాహ్నానికల్లా అడ్రసులు అయిపోతాయి. గది ఖాళీగా కనిపిస్తున్నా 254వ ఫోన్‌కి చోటుండదు. ఐఫోన్‌లోనో లాప్‌టాప్‌లోనో అడ్రసు 169.254తో మొదలైతే, రౌటర్ మీకు ఏమీ ఇవ్వలేదని అర్థం. చేత్తో ఏదో ఒక అడ్రసు వేసుకోకండి, అది ఇంకొకరిదైతే ఇద్దరికీ నెట్ పోవచ్చు. అక్కడి సిబ్బందికి చెప్పండి: లీజు అరగంటకో గంటకో తగ్గించమనండి, లేదా 1022 అడ్రసులు వచ్చేలా నెట్‌వర్క్ పెద్దది చేయమనండి. రూపాయి ఖర్చు లేని పని ఇది. అయినా చేయరు. నాకు మండేది ఇక్కడే.

తర్వాతి తలనొప్పి, కనెక్ట్ అయినా తెరుచుకోని లాగిన్ పేజీ. ఫోన్ కనెక్ట్ అవగానే తాళం గుర్తు లేని ఒక పాత తరహా హెచ్‌టీటీపీ చిరునామాని అడిగి చూస్తుంది. రౌటర్ ఆ అడగడాన్ని మధ్యలో పట్టుకుని తన లాగిన్ పేజీని చూపిస్తుంది. మీరు బ్రౌజర్‌లో తాళం గుర్తు ఉండే హెచ్‌టీటీపీఎస్ సైట్ తెరిస్తే అలా మళ్లించడం కుదరదు. ఇది అసలు సైటేనా అని అనుమానించే సర్టిఫికెట్ హెచ్చరికో, తెల్ల పేజీయో వస్తుంది. ఆ హెచ్చరికని దాటి ముందుకు వెళ్లొద్దు. మొబైల్ డేటా ఆపండి. మీ నెట్‌ని గుట్టుగా వేరే దారిలో పంపే వీపీఎన్ యాప్ ఉంటే ఆపండి. ఆండ్రాయిడ్‌లో సైట్ పేర్లకి అడ్రసు వెతికిపెట్టే ప్రైవేట్ డీఎన్ఎస్ అనే సెట్టింగ్‌కి ఏదైనా పేరు ఇచ్చి ఉంటే ఆటోమేటిక్‌కి మార్చండి, చాలామంది మరిచిపోయేది ఇదే. ఇప్పుడు బ్రౌజర్‌లో నెవర్‌ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ (neverssl.com) అని ఇంగ్లీషులో కొట్టండి. తాళం లేకుండా తెరుచుకోవడం కోసమే పెట్టిన సైట్ అది. అప్పటికీ రాకపోతే వైఫై వివరాల్లో గేట్‌వే అనో రౌటర్ అనో కనిపించే అంకెల్ని అడ్రస్ బార్‌లో కొట్టి చూడండి. లాగిన్ అయ్యాక వీపీఎన్ మళ్లీ వేసుకోండి.

ఇక ఆ పేజీలో అడిగేవి! పేరు, పుట్టినరోజు, ఈమెయిలు, ఆపైన ఓటీపీ. చేతిలో నెట్ లేకనే కదా మనిషి వైఫై వెతుక్కునేది! ఈమెయిలుకి ఓటీపీ పంపితే దాన్ని దేంతో తెరవాలి? సిమ్ పని చేయని ఊళ్లో దిగిన ప్రయాణికుడికి ఎస్ఎంఎస్ ఎలా చేరుతుంది? ఆ పేజీ జీమెయిల్ పాస్‌వర్డో, కార్డు వెనక మూడంకెలో అడిగితే వెంటనే బయటికి రండి. ఉచిత వైఫైకి వాటితో పనే లేదు.

భద్రత గురించి భయపెట్టే మాటలు చాలా తిరుగుతుంటాయి. హెచ్‌టీటీపీఎస్ సైట్‌లో మీరు రాసేది పక్క టేబుల్ మనిషి చదవలేడు. ఏ సైట్‌కి వెళ్లారన్నది మాత్రం తెలిసే వీలుంది. అసలు ప్రమాదం పేరుతో వస్తుంది. పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్‌ని ఫోన్ గుర్తుపట్టేది పేరుని బట్టే. అదే పేరుతో ఎవరు ఇంకో డబ్బా పెట్టినా మీ ఫోన్ దానంతటది అతుక్కుపోవచ్చు. అందుకే సరైన పేరు కౌంటర్‌లో అడిగి కలపండి, ఆటో జాయిన్ ఆపండి, వెళ్లేటప్పుడు ఫోన్ ఆ పేరుని మరిచిపోయేలా ఫర్‌గెట్ నొక్కండి.

వైఫై ఇచ్చేవాళ్లకి ఒక్క విన్నపం. బోర్డు మీద "ఫ్రీ వైఫై" అని రాసి వదిలేయకండి. నెట్‌వర్క్ పేరు అక్షరం పొల్లు పోకుండా రాయండి, ఎంతసేపు వాడుకోవచ్చో రాయండి, రాకపోతే ఎవర్ని అడగాలో రాయండి. మీరు చూపించే ఆ మనిషికి రౌటర్ ఏ మూల ఉందో తెలిసి ఉండాలి.