మొట్టికాయ తిన్న పిల్లవాడి పక్షాన

సంక్రాంతికి సింగరాయకొండ దగ్గర మా ఊళ్లో, ఇక్కడ అమెరికాలోని మన సంఘం డబ్బుతో జరిగిన కబడ్డీ పోటీల ఫోటోలు మీరంతా చూసే ఉంటారు. మన వాట్సాప్ గ్రూపులో వారం రోజులు అవే తిరిగాయి. శాలువా కప్పుకుని కప్పు అందిస్తున్నవాణ్ణి నేనే. ఆ ఫోటోల్లో పడని సంగతి ఒకటుంది. అది చెప్పకుండా వచ్చే ఏటికి మళ్లీ చందా అడగడానికి నాకు మనసొప్పడం లేదు.

రెండో రోజు రాత్రి ఆడపిల్లల మ్యాచి. జిల్లా పరిషత్ హైస్కూలు పిల్ల ఒకతె కూతకెళ్లింది. పదిహేనేళ్లు ఉంటాయేమో. మూలనున్న అమ్మాయి పట్టబోయి టీషర్టు పట్టుకుంది. రెఫరీ వెంటనే ఈల వేశాడు, బట్టలు పట్టుకుంటే ఫౌల్ కదా. లైను పక్కనే మధ్యాహ్నం సెమీస్ గెలిచిన మగపిల్లల జట్టు కూర్చుని ఫోన్లెత్తి వీడియో తీస్తోంది. ఏదో అనుకున్నారు, గట్టిగా నవ్వారు. ఆ పిల్ల రెండు చేతులతో టీషర్టు కిందికి లాక్కుని, తల దించుకుని, తన వైపుకు నడిచి వెళ్లిపోయింది. ఆ మ్యాచిలో మళ్లీ కూతకు పోలేదు.

అప్పుడు ఆ జట్టులోనే అందరికన్నా చిన్నవాడు, ఎక్స్‌ట్రా ప్లేయరు, "తియ్యబాకన్నా, మనూరి పిల్లేగా" అన్నాడు. కెప్టెన్ వాడి నెత్తిన ఠంగున మొట్టాడు. "నీకెందుకురా? ఏంది నీ గోల!" మళ్లీ నవ్వులు. వాడు మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. స్టేజీ మీద నాకిదంతా కనబడుతూనే ఉంది. లేవలేదు. మర్నాడు ఫైనల్ గెలిచిన ఆ కెప్టెన్‌కే నా చేత్తో కప్పిచ్చాను.

తిరిగొచ్చాక కమిటీ మీటింగులో ఈ మాట ఎత్తాను. "పిల్లచేష్టలు, వయసొస్తే వాళ్లే సర్దుకుంటారు" అన్నారొకరు. పండగ పూట ఊళ్లో పిల్లల్ని తప్పుపడితే బాగోదన్న ఆయన ఉద్దేశం నాకు తెలుసు, అందులో కొంత ప్రేమా ఉంది. ఇంకొకరు, "అంత ఇబ్బందైతే వచ్చే ఏడు ఆడపిల్లల పోటీలు పెట్టకపోతే సరి" అన్నారు. ఆ మాట ఇంటికొచ్చాక కూడా నన్ను వదల్లేదు. ఫోనెత్తింది వాళ్లైతే ఆట మానుకోవాల్సింది ఆ పిల్లా?

మా డ్రిల్లు మాస్టారి గురించి చెప్పాలి. ఆయన చేతిలో ఎప్పుడూ వేపబెత్తం ఉండేది, బాగానే కొట్టేవారు. ఆ కొట్టడాన్ని నేనివాళ సమర్థించను. కానీ మా నాన్న మాట దాటిన రోజులున్నాయి గానీ ఆయన మాట దాటిన రోజు లేదు. ఒకసారి మా జట్టులో ఒకడు స్కూలు గేటు దగ్గర ఓ ఆడపిల్ల సైకిలుకు గాలి తీశాడు. మాస్టారు వాడిమీద చెయ్యెత్తలేదు. అందరినీ వరసగా నిలబెట్టి, "వాడు తీస్తుంటే మీలో ఎవరెవరు చూశార్రా?" అని అడిగారు. ఒక్కరం పలకలేదు. గాలిలేని ఆ సైకిలును వంతులవారీగా మా చేతే ఆ పిల్ల ఊరిదాకా నడిపించారు. వెనకాల ఆయనా నడిచారు. ఆ ఎండ, ఆ మట్టిరోడ్డు, చప్పబడిన టైరు చేసే చప్పుడు నాకింకా గుర్తు.

చాలా ఏళ్ల తర్వాత మా అబ్బాయి ఇక్కడ హైస్కూలు రెజ్లింగు జట్టులో ఉన్నప్పుడు ఆ ప్రశ్నే మళ్లీ విన్నాను. హింసను ముందుగానే ఆపడం గురించి ఆటగాళ్లతో మాట్లాడటానికి ఇద్దరొచ్చారు. ఇద్దరూ ఒకప్పుడు ఆటగాళ్లే. "నీ జట్టువాడు ఓ అమ్మాయిని అందరి ముందూ తోస్తున్నాడు. నువ్వు పక్కనే ఉన్నావు. ఏం చేస్తావు?" అని అడిగారు. కలబడి కొట్టుకోవడానికీ నోరు మూసుకోవడానికీ మధ్యలో ఎన్ని దారులున్నాయో పిల్లల చేతే చెప్పించారు: మాట మార్చడం, వాణ్ణి పక్కకు తీసుకెళ్లడం, ఆ అమ్మాయిని తర్వాత పలకరించడం, కోచ్‌కు చెప్పడం.

ఈ పద్ధతికి మూలం 1993లో బాస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీలో మొదలైన మెంటార్స్ ఇన్ వయొలెన్స్ ప్రివెన్షన్ అనే కార్యక్రమం. దాన్ని మొదలుపెట్టినవారిలో జాక్సన్ కాట్జ్ ముఖ్యుడు. సిరాక్యూజ్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్‌గా పేరు తెచ్చుకున్న డాన్ మెక్‌ఫర్సన్ కూడా తర్వాత దాన్ని నడిపించాడు. మగపిల్లల్ని నేరస్తుల్లా నిలబెట్టకుండా, పక్కనుండి చూస్తున్నవాళ్లుగా పలకరించడం అందులో కీలకం. ఆటగాళ్లనే ఎందుకు ఎంచుకున్నారంటే, మిగతా పిల్లలు వాళ్లను చూసి నడుచుకుంటారు గనక. మా ఊళ్లో ఆ కెప్టెన్ ఒక్కడు ఫోన్ జేబులో పెట్టుకుంటే మిగతా ఫోన్లన్నీ లోపలికి పోయేవి.

అమెరికా పాఠాలు మనూళ్లో నడవవంటారా? కోచ్‌ల చేత మగపిల్లలకు ఇలాంటివి చెప్పించే అమెరికా కార్యక్రమం ఒకదాన్ని ముంబైలో క్రికెట్ కోచ్‌లతో పరివర్తన్ పేరిట నడిపారు. అయినా చూస్తూ ఊరుకోకపోవడం మనకు ఎవరో నేర్పాలా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. మొగుళ్లు తాగొచ్చి కొడుతుంటే అది ఎవరింటి గొడవ వాళ్లదని అప్పటిదాకా ఊరంతా ఊరుకుంది, ఆ ఆడవాళ్లు ఊరుకోలేదు. 1993లో రాష్ట్రంలో సారా ఆగింది.

అందుకే అడుగుతున్నాను. షీల్డులకూ శాలువాలకూ పెట్టే ఖర్చులో కొంత తగ్గిద్దాం. వచ్చే సంక్రాంతి పోటీలకు ముందు రోజు అన్ని జట్ల కెప్టెన్లనూ డ్రిల్లు మాస్టార్లనూ ఒకపూట కూర్చోబెడదాం. మాట్లాడటానికి ఆడినవాళ్లే రావాలి, మనలాంటి శాలువాల వాళ్లు కాదు. భోజనాలు, చోటు నేను చూసుకుంటాను. మొన్న ఫోన్లో తమ్ముడు చెప్పాడు, మొట్టికాయ తిన్న పిల్లవాడు ఈసారి మెయిన్ టీములోకి వస్తున్నాడట. కూతకెళ్లిన ఆ పిల్ల మాత్రం ప్రాక్టీసుకు రావడం మానేసిందట. జనరల్ బాడీలో ఈ తీర్మానం నేనే పెడతాను. దయచేసి ఆ రోజు రండి, చెయ్యెత్తండి.