అడ్డం తిరిగిన ‘కె’

మా మేనేజర్ బేస్‌బాల్ భాష మాట్లాడతాడు, మధ్యమధ్యలో కాస్త ఇంగ్లిష్ కలుపుతాడు. రిలీజ్‌కి ఎన్నాళ్లు పడుతుందో ఉజ్జాయింపుగా చెప్పమనడానికి ‘బాల్‌పార్క్ ఫిగర్’ ఇమ్మంటాడు. క్లయింట్ ఆఖరి నిమిషంలో కొత్త కోరిక కోరితే అది ‘కర్వ్‌బాల్’. మీటింగులో నేను అడిగే ప్రశ్నలు ఎప్పుడూ ‘లెఫ్ట్ ఫీల్డ్’ నుంచే వస్తాయి, అంటే సంబంధం లేనివట. సెలవులో ఉన్నవాడి పని తెచ్చి నా నెత్తిన పెట్టేటప్పుడు మాత్రం నేను ‘పించ్ హిట్టర్’ని. ఎక్కడ తల ఊపాలో, ఎక్కడ నవ్వాలో తెలిస్తే చాలు కాబట్టి ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను.

మొన్న శనివారం టీమ్ మొత్తాన్ని న్యూయార్క్ మెట్స్ అనే బేస్‌బాల్ జట్టు ఆటకి తీసుకెళ్తానన్నాడు. తీసుకెళ్లడం అంటే టికెట్లు ఆయనవి. కారు నాది, పెట్రోలు నాది, న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి న్యూయార్క్‌లోని క్వీన్స్ దాకా ట్రాఫిక్‌లో విరిగిన నడుము నాది. పార్కింగ్ దగ్గర కార్డు కోసం జేబులు తడుముకుని, “నువ్వు కట్టెయ్, తర్వాత చూసుకుందాం” అన్నాడు. కట్టేశాను. ఆ పార్కింగ్ స్థలం మామూలుది కాదట. మెట్స్ పాత మైదానం షే స్టేడియం ఉన్నది అక్కడే. 2009 నాటికి దాన్ని కూల్చేసి, పక్కనే సిటీ ఫీల్డ్ కట్టుకుని, పాత స్థలాన్ని కార్లకి వదిలేశారు. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ ఎక్కడుండేదో, అతను పరుగెత్తే బేస్‌లు ఎక్కడుండేవో నేలమీద గుర్తులు పెట్టారు. ఆ గుర్తుల దగ్గరే కారు పెట్టాలని మా మేనేజర్ పట్టుబట్టి నాచేత నాలుగు చుట్లు తిప్పించాడు.

లోపలికెళ్లాం, కూర్చున్నాం, ఆట మొదలైంది. మా మేనేజర్ ఒక గుడ్డ సంచీ విప్పి అందులోంచి తెల్ల అట్టలు తీశాడు. ఒక్కో అట్టమీద ఎర్రరంగుతో పెద్ద ‘కె’. మెట్స్ పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, ఎదుటి బ్యాటర్‌ని మూడు స్ట్రయిక్‌లతో, అంటే కొట్టాల్సిన బంతిని మూడుసార్లు కొట్టనివ్వకుండా, ఇంటికి పంపినప్పుడల్లా ముందున్న రెయిలింగ్‌కి ఒక ‘కె’ తగిలించాలి. 1984లో డ్వైట్ గూడెన్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు మెట్స్‌లోకి వచ్చి ఆ ఒక్క సీజన్‌లోనే 276 మందిని అలా పంపించాడు. అతనికి ‘డాక్టర్ కె’ అని పేరుపెట్టి, షే స్టేడియంలో ఒక మూలన అభిమానులు ఇలాగే ‘కె’లు వేలాడదీసేవారు. మా మేనేజర్ చిన్నప్పుడు ఆ మూలనే కూర్చున్నాడట. ఆ సంగతి చెప్తున్నప్పుడు ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అప్రైజల్ రోజున కూడా చెప్పాడు. ఆ ఏడాది ఎవరికీ హైక్ రాలేదు.

పేర్లు పెట్టడం ఈ ఆటలో పెద్ద జబ్బు. లారెన్స్ పీటర్ బెర్రా అని తల్లిదండ్రులు నిక్షేపంలాంటి పేరు పెడితే ఊరంతా ‘యోగి’ అంది. జిమ్ హంటర్‌ని ‘క్యాట్‌ఫిష్’ని చేశారు. మోర్డికై బ్రౌన్ అనే ఆయనకి చిన్నప్పుడు పొలంలో యంత్రంలో పడి వేలు తెగితే, అయ్యో పాపం అనడం పోయి ‘త్రీ ఫింగర్’ అన్నారు. మన ఊళ్లోనూ అంటారు, కాదనను. కాకపోతే మనవాళ్లు వెనకాల అంటారు, వీళ్లు పేపర్లో అచ్చేశారు. లూ గెరిగ్ వరసగా 2,130 ఆటలు ఆడాడు కాబట్టి ఆయన ‘ఐరన్ హార్స్’. మేం ఎవరం సెలవు అడిగినా మా మేనేజర్ ఈ గెరిగ్ గారినే తీసుకొస్తాడు. గెరిగ్‌కి ఇండియాలో మేనకోడలి పెళ్లి ఉండి ఉండదు.

సరే, అసలు సంగతికొస్తా. కొంత ఆట అయ్యాక మా మేనేజర్ హాట్‌డాగ్‌ల కోసం లేచాడు. లేస్తూ సంచీ నా ఒళ్లో పడేసి, “నువ్వు చూసుకో” అన్నాడు. ఇన్‌స్ట్రక్షన్ అంతే. నేను వృత్తిరీత్యా టెస్టర్‌ని. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ లేకుండా పని అప్పగిస్తే ఏమవుతుందో ఆయనకి నేను మెయిళ్లు పెట్టి మరీ చెప్పినవాణ్ణి.

అప్పుడు చూశాను రెయిలింగ్ వైపు. ఆయన తగిలించిన ‘కె’లు వరసగా ఉన్నాయి. అన్నీ బాగానే ఉన్నాయి, ఒకటి మాత్రం ఎడమవైపుకి తిరిగి ఉంది, అద్దంలో చూసినట్టు. నేను కాసేపు ఓర్చుకున్నాను. నిజంగానే ఓర్చుకున్నాను. కానీ తప్పు కనిపించాక చెయ్యి ఊరుకోదు కదా. ‘కె’ అనే అక్షరానికి ఒక గుణం ఉంది: అట్టని తలకిందులు చేస్తే చాలు, అచ్చం అద్దంలో ‘కె’ అయిపోతుంది. అంటే ఈయన హడావుడిలో కింద పైకి, పైన కిందకి తగిలించేశాడు. వేల మంది చూస్తున్నారు. టీవీలో వస్తుంది. మన టీమ్ పరువు.

లేచి, ముందుకి వంగి, ఒక క్లిప్పు తీశాను. అది గట్టి స్ప్రింగు క్లిప్పు, గోరు లేచిపోయేలా ఉంది. రెండోది తీసేలోపు గాలికి అట్ట రెపరెపలాడి కింది వరసలో ఉన్నాయన బట్టతలకి తగిలింది. సారీ చెప్పాను. అట్టని అరచుట్టు తిప్పాను. రెండు క్లిప్పులూ పెట్టాను. వెనక్కి ఒరిగి తల పక్కకి వంచి చూసుకున్నాను. అన్నీ ఒకే వైపు, ఒకే ఎత్తులో. చూడముచ్చటగా ఉన్నాయి.

పక్క సీటులో ఒక పెద్దావిడ ఉంది. ఒళ్లో స్కోర్‌కార్డు, చెవి సందున పెన్సిలు. అంతకుముందు ఆవిడ 6-4-3 అని రాసుకుంటుంటే ఏమిటని అడిగాను. ఫీల్డర్లకి నంబర్లట: ఆరో నంబరు నాలుగో నంబరుకి, నాలుగు మూడుకి విసిరి ఇద్దరిని అవుట్ చేశారట. రెండో బేస్ దగ్గరివాడు నాలుగు, మూడో బేస్ దగ్గరివాడు ఐదు. ఆ ఇద్దరి మధ్యా నిలబడే షార్ట్‌స్టాప్ మాత్రం ఆరు. నాలుగుకీ ఐదుకీ మధ్య ఆరు! ఈ డిజైన్‌కి నేనైతే సైన్-ఆఫ్ ఇవ్వను. ఆ పెద్దావిడే ఇప్పుడు నా మోచెయ్యి మీద మెల్లిగా తట్టి అంది:

“హనీ, హీ వాజ్ లుకింగ్.”

ఎవరో చూస్తున్నాడన్నమాట. ఎవరా అని అటూ ఇటూ చూశాను. మెట్ల దగ్గర సెక్యూరిటీ అతను నిలబడి ఉన్నాడు, నిజంగానే ఇటే చూస్తున్నాడు. రెయిలింగ్ మీదకి వంగకూడదని రూల్ ఉందేమో అనుకుని, తప్పేం చేయలేదన్నట్టు ఒక నవ్వు నవ్వాను. అతను నవ్వలేదు. ఈలోగా వెనక వరసలోంచి ఒకడు “లుకింగ్!” అని అరిచాడు. వాడి పక్కవాడు అందుకున్నాడు. మూడో వరస నుంచి ఒక చిన్న పిల్ల కూడా రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని “లుకిం...గ్!” అంది. ఇంతమంది చెప్తున్నారంటే ఇది సెక్యూరిటీ వ్యవహారం కాదు, కెమెరా. టీవీవాళ్లు మనల్నే చూపిస్తున్నారు. జుట్టు సర్దుకుని, పెద్ద తెర ఉన్నవైపు తిరిగి చెయ్యి ఊపాను. తెరమీద ఏదో బీరు ప్రకటన వస్తోంది. దానికే ఊపాను.

మా టీమ్‌లో ఏలూరు కుర్రాడు ఒకడున్నాడు. వాడు ఇదంతా ఫోన్‌లో తీస్తూ, తీయడం పూర్తయ్యాక, “అన్నా, చూసింది బ్యాటరండీ” అన్నాడు.

“బ్యాటర్ నన్నెందుకు చూస్తాడ్రా?”

“మిమ్మల్ని కాదండీ, బంతిని.”

అప్పుడు చెప్పాడు. బ్యాట్ ఊపి, తగలక అవుటైతే మామూలు ‘కె’. మూడో స్ట్రయిక్‌కి బ్యాట్ ఊపకుండా గుడ్లప్పగించి చూస్తూ నిలబడి ఉంటే, అంపైర్ అవుటిస్తే, దాన్ని ‘లుకింగ్’ అంటారు, దానికి తిరగేసిన ‘కె’. ఈ సంగతి వాడికి ముందే తెలుసు. నేను లేచి వంగినప్పుడూ తెలుసు.

అసలు ఈ ‘కె’ ఎక్కణ్ణించి వచ్చిందని ఇంటికొచ్చాక వెతికాను. హెన్రీ చాడ్విక్ అనే ఆయన పెట్టాడు. 1824లో ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికా వచ్చి, పేపర్లకి క్రికెట్ వార్తలు రాసుకునేవాడు. క్రికెట్! మనవాడే! హాయిగా అదే రాసుకోక ఈ ఆట వైపు తిరిగి, స్కోరు రాసే పద్ధతి తయారుచేశాడు. ‘ఎస్’ అక్షరాన్ని అప్పటికే శాక్రిఫైస్‌కి (తను అవుటై తోటివాణ్ణి ముందు బేస్‌కి పంపడానికి) ఇచ్చేశాడు కాబట్టి, ‘స్ట్రక్ అవుట్’ అనే మాటలోని ‘స్ట్రక్’లో చివరి అక్షరం పట్టుకొచ్చి మూడు స్ట్రయిక్‌ల అవుట్‌కి పెట్టాడు. మొదటి అక్షరం ఖాళీ లేదని ఆఖరిదాన్ని తెచ్చి పెట్టేవాళ్ల డేటాబేసులు నేను చాలా చూశాను. వాళ్లెవరినీ ఏ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ పెట్టలేదు. ఈయన్ని 1938లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టారు.

సరే, మళ్లీ వంగాను. మళ్లీ ఆ క్లిప్పులు, మళ్లీ ఆ బట్టతల, మళ్లీ సారీ. ఈసారి ఆయన టోపీ పెట్టుకున్నాడు. అట్టని తిరిగి తలకిందులు చేస్తుండగా ఒక్కసారిగా మైదానమంతా హోరెత్తింది. ఇంకొక బ్యాటర్ అవుటయ్యాడు. మా సెక్షన్ మొత్తం నావైపు తిరిగింది. సంచీలోంచి కొత్త అట్ట తీశాను. ఇప్పుడు చెప్పండి, వాడు ఊపాడా, చూశాడా? నేనెలా చూస్తాను, నా మొహం రెయిలింగ్ కింద ఉంటే? ఏలూరు కుర్రాణ్ణి అడిగాను. వాడు నన్ను తీస్తున్నాడు కాబట్టి వాడూ చూడలేదు. పెద్దావిడ పెన్సిలు కింద పడి సీటు కింద వెతుక్కుంటోంది. వెనకవాళ్లు సగంమంది ‘లుకింగ్’ అంటున్నారు, సగంమంది ‘స్వింగింగ్’ అంటున్నారు. అందరూ మందు మీదే ఉన్నారు.

టెస్టింగ్‌లో ఇలాంటి పరిస్థితికి ఒక పద్ధతి ఉంది. పాస్ కాదు, ఫెయిల్ కాదు, పెండింగ్. అట్టని పక్కకి తిప్పి, ‘కె’ని వెల్లకిలా పడుకోబెట్టి తగిలించాను.

సెక్షన్‌లో ఒక్కసారిగా నిశ్శబ్దం. పెద్దావిడ పెన్సిలుతో పైకి లేచి, రెయిలింగ్‌ని చూసి, తన స్కోర్‌కార్డుని చూసుకుని, మళ్లీ రెయిలింగ్‌ని చూసింది. సరిగ్గా అప్పుడే రెండు చేతుల్లో హాట్‌డాగ్‌లతో, మూతికి ఆవపిండి సాస్‌తో మా మేనేజర్ వచ్చాడు. పడుకున్న ‘కె’ని చూశాడు. మనిషి నోట మాట లేదు. ఆయన దగ్గర దానికి బేస్‌బాల్ మాట లేకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆ మాత్రం ఆనందం నాకు మిగిలింది.

ఎవరు గెలిచారో అడక్కండి.

సోమవారం స్టాండప్ మీటింగులో నా వంతు రాగానే, “అండ్ నౌ, సైడ్‌వేస్!” అన్నాడు మా మేనేజర్. అందరూ నవ్వారు, ఏలూరు కుర్రాడితో సహా. ఇప్పుడు గ్రూప్‌లో నా పేరు అదే. నా ఫొటో బదులు పడుకున్న ‘కె’ ఒకటి పెట్టారు. మీటింగ్ అయ్యాక ఆయన్ని పక్కకి పిలిచి, పేరు సంగతి వదిలేయండి, ఆ పార్కింగ్ డబ్బులు అని గుర్తుచేశాను. భుజం మీద చెయ్యి వేసి, “రెయిన్ చెక్, బడ్డీ” అన్నాడు. వానొచ్చి ఆట ఆగిపోతే ఇంకో రోజు రమ్మని ఇచ్చే చీటీని రెయిన్ చెక్ అంటారట. ఆ రోజు న్యూయార్క్‌లో చినుకు కూడా పడలేదు.