ఒడ్డుకొచ్చిన నావికుడు – ఒక జాతీయ విపత్తు

రెండొందల ఏళ్ల కిందటి బ్రిటన్‌కు ఫ్రాన్స్ కంటే పెద్ద ముప్పు, ఒడ్డుకొచ్చిన సొంత నావికుడు. ఊరికే అనడం లేదు, బొమ్మల సాక్ష్యం ఉంది. ఇంగ్లిషు వ్యంగ్య చిత్రకారుడు థామస్ రోలాండ్‌సన్, నౌకాదళ రేవు పట్నం పోర్ట్స్‌మత్ మీద గీసిన ‘పోర్ట్స్‌మత్ పాయింట్’ చూడండి. వెనకాల రేవులో ఓడలు, ముందు వీధిలో తిరునాళ్లు. ఒకడు అమ్మాయిని వాటేసుకుని ముద్దులాడుతున్నాడు. కొయ్యకాలు ఆసామి ఫిడేలు వాయిస్తున్నాడు. పక్కనే వడ్డీవ్యాపారి బోర్డు. ఆ కాలు ఏ యుద్ధంలో పోయిందని మాత్రం అడక్కండి, నవ్వు చెడుతుంది.

వీడికింత తాగుడు ఎవరు నేర్పారు? సర్కారే, కొలత వేసి మరీ. రోజుకి అర పైంటు రమ్ము, అంటే దాదాపు పావు లీటరు. 1740లో అడ్మిరల్ వెర్నన్‌కి ఇది మరీ శ్రుతి మించినట్టు అనిపించింది. కోటా తగ్గించలేదు, ఒక పాలు రమ్ముకి నాలుగు పాళ్లు నీళ్లు కలిపించాడు. మన పాలవాళ్ల కంటే నయం, చెప్పి కలిపాడు.

ఇక జీతం. చెయ్యి తిరిగిన నావికుడికి 28 రోజుల నెలకి 24 షిల్లింగులు. 1653లో ఖాయం చేశారు, 144 ఏళ్లు ముట్టుకోలేదు. మడి అలాంటిది. 1797లో, అదే పోర్ట్స్‌మత్ ఎదురుగా స్పిట్‌హెడ్‌లో, నావికులు ఓడలు కదిలించేది లేదని భీష్మించుక్కూర్చుంటే గానీ పెరగలేదు. పైగా ఆర్నెల్ల జీతం ఎప్పుడూ బకాయే, చేతికిస్తే పారిపోతాడని. అలా పేరుకున్న డబ్బు ఒక్కసారి చేతిలో పడితే వీడు ఒక్క రాత్రిలో తగలేస్తాడా! బుద్ధిగా పోస్టాఫీసులో ఆర్‌డీ కట్టుకోవద్దూ?

ఇలాంటి వాళ్లను బాగుచేయడానికే 1751లో లండన్ చిత్రకారుడు విలియం హోగార్త్ ‘జిన్ లేన్’, ‘బీర్ స్ట్రీట్’ అని జంట బొమ్మలు వేశాడు. జిన్ వీధిలో మత్తులో ఉన్న తల్లి చేతుల్లోంచి పసిబిడ్డ జారిపోతుంటుంది, ఆమెకు పట్టదు, ముక్కుపొడుం తీసుకుంటోంది. బీరు వీధిలో అందరికీ బొజ్జలు, వ్యాపారాలు మూడు పువ్వులు ఆరు కాయలు. దివాలా తీసిన ఒకే ఒక్కడు తాకట్టు కొట్టువాడు. మద్యనిషేధమంటే ఇంత రుచిగా ఉండాలి.

బొమ్మ ఒక్కోటి షిల్లింగు, అంటే 12 పెన్నీలు. ఆ ఏడు మన నావికుడి రోజు జీతం 10 పెన్నీల చిల్లర. తాగుడు తప్పని తెలుసుకోవాలంటే రోజంతా తెరచాపలు లాగి, మిగతా రెండు పెన్నీలకి అప్పు చేయాలి. ఆ వడ్డీవ్యాపారిని రోలాండ్‌సన్ రేవులో ఊరికే పెట్టలేదు.