అయస్కాంతానికి ఆదివారం లేదు

ఎమ్మారై యంత్రం మీద నాకు తీవ్రమైన అభ్యంతరాలున్నాయి. దానికి మన పద్ధతులు తెలియవు. మన దగ్గర చప్పుడు చేస్తే ఆన్‌లో ఉన్నట్టు, ఊరుకుంటే ఆఫ్‌లో ఉన్నట్టు. బోరు మోటారు, మిక్సీ, పక్కింటి జనరేటర్, అన్నిటిదీ ఇదే మర్యాద. ఇది మాత్రం స్కాన్ జరిగినంతసేపూ డబడబా మోగి, అయిపోగానే మౌనవ్రతం పడుతుంది. లోపలి అయస్కాంతం మాత్రం అర్ధరాత్రీ, ఆదివారమూ, కరెంటు పోయిన పూటా కూడా డ్యూటీలోనే ఉంటుంది. మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి కూర్చున్న తీగచుట్టలో ఒకసారి ఎక్కించిన కరెంటు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, ఇక దానికి మన కరెంటుతో ఏం పని? బలం 1.5 టెస్లా, అంటే భూమి అయస్కాంత బలానికి సుమారు 30 వేల రెట్లు. ఆ సంగతి తలుపు మీద బోర్డు పెట్టి మరీ చెబుతారు. బోర్డు చూసి ఆగే జనమే అయితే మనకిన్ని స్పీడ్ బ్రేకర్లు ఎందుకు?

మొన్న మా అత్తయ్యగారిని మోకాలి స్కాన్‌కి తీసుకెళ్ళాం. టెక్నీషియన్ కుర్రాడు ప్లాస్టిక్ ట్రే ముందుపెట్టి, "అమ్మా, ఒంటి మీద ఇనుము గానీ నగలు గానీ ఉంటే తీసేయండి" అన్నాడు.

"ఏమీ లేవు బాబూ" అన్నారావిడ, పరమ నిజాయితీగా.

ఆ తర్వాత ఒక్కొక్కటే దిగాయి. గాజులు, మెట్టెలు, తలపిన్నులు, బొడ్లో దోపుకున్న తాళాల గుత్తి. ముక్కుపుడకకి సబ్బు నురగ, పావుగంట. సూత్రాల దగ్గరకొచ్చేసరికి సభ వాయిదా పడింది. దారానికి పసుపుకొమ్ము కట్టి మెడలో వేసుకున్నాకే తీస్తానన్నారు. ముందుచూపున్న మనిషి, కొమ్ము బ్యాగులోనే ఉంది.

"బంగారం అయస్కాంతానికి అంటదు కదయ్యా!" మామయ్యగారు సైన్సు తీశారు.

"అంటదు సార్. కానీ స్కాన్‌లో వేడెక్కి చర్మం కాలొచ్చు. ఇక దానికి వేలాడేవి మాత్రం ఎగురుతాయి."

వేలాడేవి ఏడు పిన్నీసులు. ఇంటిల్లిపాదిలో ఎవరి కుట్టు ఊడినా అందించడానికి ఆవిడ మెడలో మోస్తున్న ధర్మసత్రం.

మామయ్యగారు ఊరుకోలేదు. "స్కాన్ ఆవిడకి. పక్కన నిలబడేవాడి మొలతాడుతో దానికేం పని?"

నా అసలు ఫిర్యాదు ఇదే. పేషెంటెవరో, తోడొచ్చినవాళ్ళెవరో ఆ యంత్రం చూసుకోదు. 2018లో ముంబై నాయర్ ఆసుపత్రిలో చనిపోయింది పేషెంటు కాదు, ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని వెంట వెళ్ళిన 32 ఏళ్ళ బంధువు. యంత్రం ఆఫ్‌లో ఉందని వార్డుబాయ్ చెప్పాడని కుటుంబం వాళ్ళు అన్నారు. 2014లో నవీ ముంబైలో ఇద్దరు సిబ్బంది సిలిండర్‌తో పాటు యంత్రానికి అతుక్కుని నాలుగు గంటలున్నారు. 2025 జులైలో న్యూయార్క్ దగ్గర వెస్ట్‌బరీలో, మోకాలి స్కాన్ అయిన భార్యని లేపడానికి లోపలికెళ్ళిన 61 ఏళ్ళాయన మెడలో దాదాపు 9 కిలోల ఇనుప గొలుసు ఉంది. మర్నాడు పోయాడు.

పైగా ఇది ముందే గుంజి హెచ్చరించే రకం కాదు. గుమ్మం దగ్గర సిలిండర్ బుద్ధిగా మన చేతిలోనే ఉంటుంది. రెండడుగులు ముందుకేస్తే ఇక మనం దాని చేతిలో. సరే, అప్పటికప్పుడు ఆపేద్దామంటే హీలియం అంతా ఆవిరి చేసి బయటికి వదలాలి. మళ్ళీ నింపి నడిపించడానికి రోజులూ, లక్షలూ.

ఇవన్నీ మామయ్యగారికి వరండాలో కూర్చోబెట్టి వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నారు. మొలతాడు గురించి పునరాలోచిస్తానని కూడా అన్నారు. లోపల అరగంట పాటు మోగిన మోత ఉన్నట్టుండి ఆగింది.

"ఆపేశారు. పాపం, ఆవిడ ఒక్కతే లేవలేదు" అంటూ ఆయన లేచి, గోడకి ఆనించిన ఇనుప వాకర్ అందుకున్నారు.

కుర్రాడు అప్పటికే గుమ్మానికి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడున్నాడు.