‘థ్రెడ్స్’ మళ్లీ తీయండి, జిమ్మీని మాత్రం బతికించొద్దు

చిన్నప్పుడు మిమ్మల్ని అన్నింటికంటే ఎక్కువ భయపెట్టిన టీవీ కార్యక్రమం ఏదని బ్రిటన్‌లో యాభై దాటిన వాళ్లను అడిగితే చాలామంది ‘థ్రెడ్స్’ పేరే చెబుతారు. 1984 సెప్టెంబర్ 23, ఆదివారం రాత్రి బీబీసీ 2లో వచ్చింది. నిడివి రెండు గంటల లోపే. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ నగరం మీద అణుబాంబు పడితే ఏమవుతుందో బాంబుకు ముందు రోజుల నుంచి ఆ తర్వాత పదమూడేళ్ల దాకా చూపించింది. రాసింది బారీ హైన్స్, దర్శకుడు మిక్ జాక్సన్. దాన్నిప్పుడు సిరీస్‌గా మళ్లీ తీస్తామని వార్ప్ ఫిల్మ్స్ 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఆ సంస్థ పుట్టింది కూడా షెఫీల్డ్‌లోనే. ‘అడాలసెన్స్’ సిరీస్ తీసింది వాళ్లే.

ప్రకటన రాగానే పాత అభిమానుల్లో చాలామంది ముట్టుకోవద్దన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అయినా తీయాలనే అంటాను. తీసేవాళ్లకు అసలు పరీక్ష మాత్రం బాంబు సీను కాదు, జిమ్మీ.

చూడనివాళ్ల కోసం జిమ్మీ ఎవరో చెప్పాలి. రూత్, జిమ్మీ షెఫీల్డ్ కుర్రజంట. రూత్ గర్భవతి అవుతుంది, పెళ్లి చేసుకుందామనుకుంటారు, కాపురం పెట్టబోయే ఫ్లాట్‌లో గోడలకు కాగితాలు అంటించుకుంటుంటారు. జిమ్మీకి పక్షులంటే ప్రాణం, ఇంటి వెనక పెంచుకుంటుంటాడు. వెనకాల టీవీలో, రేడియోలో వార్తలు వినిపిస్తుంటాయి. ఇరాన్‌లో అమెరికా, సోవియట్ సేనలు ఎదురుపడ్డాయని, పరిస్థితి చేయి దాటుతోందని. ఎవరూ సరిగ్గా వినరు. మే 26, గురువారం పొద్దున బాంబులు పడతాయి. జిమ్మీ పనిలో ఉంటాడు. రూత్ దగ్గరికి వెళ్లాలని పరుగు అందుకుంటాడు. అంతే. ఆ తర్వాత అతను తెరమీద కనిపించడు. ఎక్కడ పోయాడో, ఎలా పోయాడో ఎవరూ చెప్పరు. అతని పక్షుల పుస్తకం ఒకటి రూత్ దగ్గర మిగులుతుంది. చూస్తున్నవాళ్లం మాత్రం చాలాసేపు ఎదురుచూస్తూనే ఉంటాం, ఏదో ఒక మలుపులో ఇద్దరూ కలుస్తారని. సినిమాలు మనకు నేర్పిన అలవాటు అది. ‘థ్రెడ్స్’ ఆ అలవాటును పట్టించుకోదు. అణుయుద్ధంలో ఎవరి కథకూ ముగింపు ఉండదన్న మాటను ఏ పాత్ర చేతా చెప్పించకుండా మన చేత అనుభవింపజేస్తుంది.

పేలుడు దృశ్యాలు నిజానికి కొద్ది నిమిషాలే. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో ఒక నగరాన్ని తగలబెట్టి చూపడం ఎలాగూ కుదరదు. పాత ఫుటేజీ, కూల్చేస్తున్న ఇళ్లు, కరిగిపోతున్న పాల సీసా, నడివీధిలో నిలబడ్డచోటే బట్టలు తడుపుకున్న ఒక ఆడమనిషి. వీటితోనే సరిపెట్టారు. భయం అసలు అక్కడ లేదు. ఆ తర్వాత వచ్చే ఆసుపత్రిలో ఉంది. నీళ్లు లేవు, కరెంటు లేదు, మత్తు మందు లేకుండానే కాళ్లూ చేతులూ కోస్తుంటారు. ఆ భయం టౌన్‌హాల్ కింద బేస్‌మెంటులో కూడా ఉంది. నగరాన్ని కాపాడాల్సిన అధికారులు అక్కడ చిక్కుకుపోయి ఇంధనం గురించి, తిండి గురించి ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు. చివరికి సైనికులు తవ్వుకుంటూ వెళ్లేసరికి అందరూ చనిపోయి ఉంటారు. వాళ్లలో దుర్మార్గుడు ఒక్కడూ లేడు. చేతనైనంత చేద్దామనుకున్న మామూలు మున్సిపల్ ఉద్యోగులు వాళ్లు.

ఇంత నమ్మకంగా ఎలా రాయగలిగారంటే, ప్రభుత్వం రాసుకున్న కాగితాలనే చదివారు కాబట్టి. 1980లో బ్రిటిష్ ప్రభుత్వం ‘ప్రొటెక్ట్ అండ్ సర్వైవ్’ అని ఒక పుస్తకం ప్రచురించింది. ఇంట్లో తలుపులు ఊడదీసి గోడకు ఏటవాలుగా ఆనించి, వాటిమీద మట్టి సంచులు పేర్చి, ఆ చాటున పద్నాలుగు రోజులు ఉండమంది. ఇంట్లో ఎవరైనా చనిపోతే పాలిథిన్‌లో చుట్టి పేరు రాసిపెట్టమంది. సినిమాలో జిమ్మీ తల్లిదండ్రులు అక్షరాలా అదే చేస్తారు. హైన్స్, జాక్సన్ ఇద్దరూ ఈజింగ్‌వోల్డ్ అనే ఊళ్లో, యుద్ధం తర్వాత పాలన నడపాల్సిన అధికారులకు శిక్షణ ఇచ్చే కేంద్రానికి కూడా వెళ్లొచ్చారు. శాస్త్రవేత్తలను కలిశారు, వాళ్లలో కార్ల్ సేగన్ ఒకరు. మంటల పొగ ఆకాశాన్ని కమ్మేసి భూమి చల్లబడిపోతుందన్న ‘న్యూక్లియర్ వింటర్’ సిద్ధాంతం 1983 డిసెంబర్‌లోనే ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఏడాది తిరక్కముందే ‘థ్రెడ్స్’ దాన్ని మామూలు ఇళ్లలోకి తీసుకొచ్చింది.

అందుకే అందులో అంకెలు కథలో భాగం. మొత్తం మూడు వేల మెగాటన్నుల (ఒక మెగాటన్ను అంటే పది లక్షల టన్నుల టీఎన్‌టీ పేలినంత శక్తి) బాంబులు పేలాయని, అందులో 210 మెగాటన్నులు బ్రిటన్ మీద పడ్డాయని వ్యాఖ్యాత వార్తలు చదివినట్టు చెబుతాడు. తెరమీద టెలిప్రింటర్ అక్షరాలు వస్తుంటాయి. డబ్బుకు విలువ పోయింది, పని చేసినవాడికే తిండి. కొన్నేళ్లకు బ్రిటన్ జనాభా 40 లక్షలకు, 1 కోటీ 10 లక్షలకు మధ్య ఎక్కడో ఆగుతుంది. అంటే మధ్యయుగాల నాటి లెక్క. రూత్ ఒక్కతే పాకలో బిడ్డను కంటుంది. చచ్చిన ఎలుకల కోసం శరీరాన్ని అమ్ముకుంటుంది. పదేళ్లకు కళ్లు పోయి, ముసలిదానిలా అయిపోయి, పొలంలో పనిచేస్తూ చేస్తూ పోతుంది. పక్కనే ఉన్న కూతురు జేన్‌కు ఏడవడం కూడా రాదు. మాటలే సరిగ్గా రావు, నేర్పేవాళ్లు లేరు కాబట్టి. నాకు ఈ సినిమాలో అన్నిటికంటే భరించలేనిది ఇదే. చావులు కాదు, ఒక తరం తర్వాత భాష కూడా మిగలకపోవడం.

ఇక రీమేక్ వద్దనేవాళ్ల వాదన. వాళ్లకున్న అతిపెద్ద భయం గ్రాఫిక్స్. ఇప్పటి టెక్నాలజీతో షెఫీల్డ్ అంతా ఎగిరిపోవడాన్ని ఎంతో వివరంగా చూపొచ్చు, చూపిస్తారు కూడా, అది చూడటానికి అద్భుతంగా ఉంటుంది. అద్భుతంగా ఉండటమే ప్రమాదం. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. సిరీస్ అంటే ప్రేక్షకుడు తర్వాతి ఎపిసోడ్‌కి రావాలి. రావాలంటే ఎవరో ఒకరు బతుకుతారన్న ఆశ పెట్టాలి. ఒక తెలివైన కథానాయిక, ఒక సురక్షితమైన లోయ, ఒక రేడియో సిగ్నల్, దొరికిన ఒక విత్తనాల సంచి. ప్రళయం తర్వాత కథలన్నీ ఈ దారిలోనే నడుస్తున్నాయి. చూసేవాళ్లు కూడా తామైతే ఎలా బతికేవాళ్లమో లెక్కలు వేసుకుంటూ కూర్చుంటారు. ‘థ్రెడ్స్’ చూశాక ఆ లెక్క వేసుకునే ధైర్యం ఎవరికీ రాదు. సిరీస్‌లో జిమ్మీ నాలుగో ఎపిసోడ్‌లో గడ్డం పెంచుకుని తిరిగొస్తే ఆ రీమేక్ అక్కడితో చచ్చిపోయినట్టే.

ఇంత తెలిసీ తీయాలని ఎందుకంటున్నానంటే, పాత సినిమాలో కూలిపోయిన నగరం ఇప్పుడు ఎక్కడా లేదు. ఉక్కు ఫ్యాక్టరీలు, ల్యాండ్‌లైన్లు, వీధి చివర సైరన్లు, టీవీలో నాలుగే ఛానళ్లు. ఇరవై ఏళ్ల కుర్రాడికి అది చరిత్ర. వాళ్ల తాతల కాలపు భయం. ఇవాళ్టి నగరం ఇంకా సన్నటి ఆధారాల మీద నిలబడి ఉంది. సూపర్‌మార్కెట్లలో రెండు మూడు రోజులకు మించి సరుకు ఉండదు, డబ్బు ఫోన్‌లో ఉంటుంది, మందుల చీటీ సర్వర్‌లో ఉంటుంది, అమ్మ ఫోన్ నంబర్ కూడా మనకు నోటికి రాదు. ఎత్తున పేలిన మొదటి బాంబు ఎలక్ట్రానిక్స్‌ను చంపేస్తుందని 1984లోనే చూపించారు. అప్పుడు పోయింది రేడియోలు, టెలిఫోన్లు. ఇప్పుడైతే బతుకంతా పోతుంది. హెచ్చరిక కూడా ఫోన్‌కే వస్తుంది. 2018 జనవరి 13న హవాయిలో క్షిపణి వస్తోందంటూ పొరపాటున మెసేజ్ వెళ్లింది, అది తప్పని ఫోన్లకు మళ్లీ చెప్పడానికి 38 నిమిషాలు పట్టింది. ఆ 38 నిమిషాల్లో తల్లిదండ్రులు, పిల్లలు ఎలా ఉండి ఉంటారో పాత ‘థ్రెడ్స్’ చూపించలేదు, చూపించడం దానికి సాధ్యమూ కాదు.

శాస్త్రం కూడా ముందుకు వెళ్లింది. 2022లో ‘నేచర్ ఫుడ్’ పత్రికలో వచ్చిన అధ్యయనం పంటలు, చేపలు, పశువులు అన్నీ లెక్కగట్టి, అమెరికా రష్యాల మధ్య పూర్తిస్థాయి యుద్ధం వస్తే 500 కోట్ల మందికి పైగా ఆకలితో చనిపోవచ్చని అంచనా వేసింది. భారత్ పాకిస్తాన్ల మధ్య వస్తే 200 కోట్ల మందికి పైగా. ఆ 200 కోట్లలో ఎక్కువమంది ఈ యుద్ధంతో ఏ సంబంధమూ లేనివాళ్లు, ఎక్కడో పంటలు పండక పోయేవాళ్లు. పాత సినిమా షెఫీల్డ్ దాటి చూడలేదు. కొత్తది చూడొచ్చు.

భారత్ పాకిస్తాన్ల ఆ అంకె దగ్గర మనం ఆగాలి. ప్రపంచంలో ఆయుధాల లెక్కలు చూసే సిప్రి సంస్థ 2025 అంచనా ప్రకారం మన దగ్గర దాదాపు 180 అణ్వస్త్రాలు, పాకిస్తాన్ దగ్గర దాదాపు 170 ఉన్నాయి. ఆ ఏడాది మే 7న, ఆపరేషన్ సిందూర్ మొదలైన రోజే, హైదరాబాద్‌లో, విశాఖలో సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేశారు. ఆ నాలుగు రోజులు మన ఇళ్లలో టీవీ ఎలా ఉందో గుర్తుందా? ప్రతి వార్త వెనకా సైరన్. మే 10న సివిల్ డిఫెన్స్ విభాగం, సైరన్ శబ్దాన్ని కార్యక్రమాల్లో వాడొద్దని ఛానళ్లకు సలహా ఇవ్వాల్సి వచ్చింది. అసలు సైరన్ మోగితే జనం పట్టించుకోకుండా పోతారేమోనని. అణు జలాంతర్గామి అరిహంత్ తయారైంది విశాఖలో. అగ్ని క్షిపణుల వెనక హైదరాబాద్ డీఆర్‌డీఓ ప్రయోగశాలలున్నాయి. వాటిని చూసి గర్వపడటం మనకు బాగా నేర్పారు. షెఫీల్డ్‌ను ఎంచుకున్నట్టు అవతలివాడు ఏ ఊరిని ఎంచుకుంటాడో ఆలోచించడం ఎవరూ నేర్పలేదు. విశాఖలోనూ ఉక్కు ఫ్యాక్టరీ ఉంది, నౌకాదళం ఉంది.

భయపెడితే ఏమొస్తుంది, జనం నిస్సహాయంగా మారడం తప్ప అని అడిగేవాళ్లున్నారు. 1983 నవంబర్‌లో అమెరికాలో ఏబీసీ ఛానల్‌లో అణుయుద్ధం మీద ‘ది డే ఆఫ్టర్’ అనే సినిమా వచ్చింది, దాదాపు పది కోట్ల మంది అమెరికన్లు చూశారు. ముందే చూసిన అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్, తనను అది చాలా కుంగదీసిందని డైరీలో రాసుకున్నాడు. 1987లో ఆయనే సోవియట్ నేత గోర్బచేవ్‌తో, మధ్యశ్రేణి క్షిపణులను తొలగించే ఒప్పందంపై సంతకం చేశాడు. సినిమా వల్లే సంతకం పెట్టాడని నేననను, అలా రుజువు చేయడం కుదరదు. కానీ నిర్ణయం తీసుకునే మనిషిని ఒక సినిమా కుంగదీసింది కదా, అది చిన్న విషయం కాదు. బ్రిటన్‌లోనే 1965లో పీటర్ వాట్కిన్స్ అణుదాడి మీద తీసిన ‘ది వార్ గేమ్’ సినిమాను బీబీసీ ఇరవై ఏళ్లు టీవీలో వేయలేదు. భయం పనికిరానిదే అయితే అన్నేళ్లు దాచాల్సిన పనేముంది? రీగన్, గోర్బచేవ్ సంతకం చేసిన ఆ ఒప్పందం ఇప్పుడు లేదు, 2019లో రద్దయింది. ‘థ్రెడ్స్’లో యుద్ధం మొదలయ్యే ఇరాన్ మీద 2025 జూన్‌లో అమెరికా బాంబులు పడ్డాయి.

అందుకని వార్ప్ వాళ్లను అడగాల్సినవి నాకు కొన్నే కనిపిస్తున్నాయి. పేలుడును కొద్ది నిమిషాల్లో ముగించండి. నేపథ్య సంగీతంతో ఏడిపించకండి, పాతదానిలో అది దాదాపు లేదు. పదమూడేళ్లూ ఉంచండి, బాంబు తర్వాత ఏడాదితో ఆపితే జేన్ కథే ఉండదు. టౌన్‌హాల్ అధికారులను తీసేయకండి, ఇవాళ్టి ప్రభుత్వ అత్యవసర ప్రణాళికలు అడిగి తెచ్చుకుని వాటినే స్క్రిప్టులో పెట్టండి. ఇవ్వనంటే ఇవ్వలేదని తెరమీద వేయండి. ఓటీటీలో వారానికొకటి కాకుండా అందరికీ అందే ఛానల్‌లో, ప్రకటనలు లేకుండా, ఒకే రాత్రి మొత్తం వేయండి. 1984లో దాదాపు 70 లక్షల మంది ఒకేసారి చూడటం వల్లే మర్నాడు ఆఫీసుల్లో, బడుల్లో అందరూ ఒకే విషయం మాట్లాడుకోగలిగారు. ‘అడాలసెన్స్’ను సెకండరీ స్కూళ్లలో ఉచితంగా చూపించడాన్ని సమర్థించిన ప్రభుత్వం దీన్నీ చూపించాలి. ప్రసారమైన వెంటనే అదే ఛానల్‌లో రక్షణ మంత్రిని కూర్చోబెట్టి, షెఫీల్డ్‌కు ఈ రోజున మీ దగ్గర ఉన్న ప్రణాళిక ఏమిటని, అందులో ఎన్ని ఆసుపత్రి పడకలు ఉన్నాయని అడగాలి.