‘కాసేపు పడుకో, అదే తగ్గిపోతుంది’ గారికి

మహారాజశ్రీ ‘కాసేపు పడుకో’ గారి సముఖానికి,

నమస్కరించి రాయునది. అయ్యా, ఏ మెడికల్ కాలేజీ గడపా తొక్కకుండా, కనీసం నాడి కూడా పట్టుకోకుండా ఇంతమందికి వైద్యం చేస్తున్న ఘనత తమదే. ఫీజు లేదు, అపాయింట్‌మెంట్ లేదు. జలుబుకీ అలసటకీ మీరిచ్చే సలహాలో నేను తప్పు పట్టను. నా గొడవల్లా మెదడు జోలికి వచ్చినప్పుడే.

ఉన్నట్టుండి మూతి ఒక పక్కకు జారింది. రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి కిందికి వాలిపోతోంది. మాట ముద్దగా వస్తోంది. పక్షవాతమేమో అని అనుమానించడానికి ఇంతకంటే ఏం కావాలి? మీరు మాత్రం దిండు సర్దుతారు. మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని ఒక అంచనా. మీరు సిఫార్సు చేసే రెండు గంటల కునుకు ఖరీదెంతో గుణించి చూసుకోండి.

రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. పడుకునేటప్పుడు బాగానే ఉండి, లేచేసరికి చెయ్యి పడిపోయి ఉంటే డాక్టర్లు చివరిసారి మామూలుగా ఉన్నప్పటి నుంచి లెక్కేస్తారు. ‘కాస్త తిమ్మిరిగా ఉంది’ అన్నవారిని మీరు పడుకోబెట్టేస్తే, ఆ తిమ్మిరి ఎన్నింటికి మొదలైందో చెప్పేవారే ఉండరు. టైమ్ తినేయడమే కాదు, సాక్ష్యం కూడా మాయం చేస్తారన్నమాట!

మీకు అన్నిటికంటే పేరు తెచ్చిపెట్టేది మినీ స్ట్రోక్, అంటే కాసేపు వచ్చి పోయే పక్షవాతం. చెయ్యి చచ్చుబడి పావుగంటలో మళ్లీ మామూలవుతుంది. ‘చూశారా, పడుకుంటే తగ్గింది’ అని మీసం మెలేస్తారు. తగ్గించింది మీరా? అడ్డు తనంతట తాను తొలగింది, అంతే. అసలు స్ట్రోక్ వచ్చే ముప్పు ఆ తర్వాతి కొద్ది రోజుల్లోనే ఎక్కువ.

మూతి వంకర పోయిన ప్రతివారికీ పక్షవాతమేనా అంటారు. కాదు. నుదుటి మీద ముడత పడక, కన్ను కూడా మూతపడకపోతే అది ముఖనాడి జబ్బు కావచ్చు. తేల్చాల్సింది డాక్టరు కదా, దిండు కాదు కదా!

మీ శిష్యుల సంగతీ చెప్పాలి. ‘వయసు మీద పడింది’ అనే ఆయన ఉన్నారు. ఒళ్లో ఊరికే పెట్టుకున్న చెయ్యి వణుకుతూ, గ్లాసు అందుకోబోతే వణుకు తగ్గుతుంటే, నడకలో ఒక చెయ్యి ఊగకపోతే, చేతిరాత రోజురోజుకీ చీమల బారైపోతుంటే, ఆయన దగ్గర అన్నిటికీ ఒకటే జవాబు. ఇప్పుడు పార్కిన్సన్స్ అని పిలిచే ఈ వణుకు జబ్బు గురించి జేమ్స్ పార్కిన్సన్ అనే డాక్టరు 1817లోనే రాశాడు. మీ శిష్యుడికి ఇంకా అందినట్టు లేదు. ఇంకొకరు ‘పరధ్యానం’. మాట్లాడుతున్న పిల్ల కొన్ని సెకన్లు శిలలా ఆగిపోయి, పిలిచినా పలక్క, మళ్లీ ఏమీ జరగనట్టే ఉంటుంది. రోజుకు ఎన్నోసార్లు. మూర్ఛలో ఇలాంటి రకం కూడా ఉంటుందని తెలియక పాపం ఆ పిల్లకి శ్రద్ధ లేదని తిట్లు.

నిమిషంలోపే తారస్థాయికి చేరే, ముందెన్నడూ ఎరగని తలనొప్పికి కూడా మీరు లైటు ఆర్పి తలుపు దగ్గరేస్తారు. మెదడు చుట్టూ రక్తస్రావమైనా అచ్చం ఇలాగే మొదలవుతుంది మహానుభావా.

ఇట్లు,
మీ చేతిలో పడకూడదని కోరుకునే ఒకరు

తా.క.: ఫిట్స్ వచ్చినవారి నోట్లో చెంచా దూర్చే మీ తమ్ముడుంగారికీ ఇది చదివి వినిపించండి. నోట్లో ఏమీ పెట్టకూడదు. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి. పడుకోబెట్టడం నిజంగా పనికొచ్చే చోటు ఇదొకటుంది, తీరా అక్కడ మీరు కనిపించరు.